పూత ఆరేలోపు: చెరువు పటం ప్రాజెక్టు డైరీ

జూన్, బడి తెరిచాక

ఎనిమిదో తరగతి పిల్లలతో మా ఊరి చెరువు కథను చేర్యాల పటంలా గీయించాలని ఈ ఏడాది పెట్టుకున్నాం. పెట్టుకున్నది ముగ్గురం: డ్రాయింగ్ టీచర్‌ని నేను, తెలుగు సారు, సోషల్ మేడం. మాది జనగామ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. జిల్లాలు విడదీసినప్పుడు చేర్యాల సిద్దిపేట కిందికి పోయింది గానీ, మాకు ఇప్పటికీ పక్కూరి లెక్కే.

పటం చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. నకాషి కళాకారులు ఖాదీ గుడ్డ మీద గీసే పొడవాటి బొమ్మల చుట్ట అది. సుమారు 3 అడుగుల వెడల్పు. పాత పటాలైతే 60 అడుగుల దాకా పొడవుంటాయి. పైనుంచి కిందికి అడ్డపట్టీలు, ఒక్కో పట్టీలో కథలో ఒక్కో ఘట్టం, మధ్యలో పూల అంచు, వెనకాల ఎర్ర నేల. కథ చెప్పేవాళ్లు దాన్ని కర్రలకు కట్టి, ఒక్కో పట్టీ విప్పుతూ, పుల్లతో చూపిస్తూ పాడతారు. కూనపులి వాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. కాకిపడగల వాళ్లు ముదిరాజులకు పాండవుల కథ చెబుతారు. గౌడులకు గౌడజెట్టి వాళ్లున్నారు. అంటే గీసే చెయ్యి ఒకరిది, చెప్పే నోరు ఇంకొకరిది. ఏ ఘట్టం పెద్దగా రావాలి, ఏది వదిలేయాలి అన్నది ఇద్దరూ కూర్చుని తేల్చుకోకుండా పటం తయారు కాదు. ఈ పనికి నేను పటాన్నే ఎంచుకోవడానికి అసలు కారణం అదే. ఉత్త బొమ్మ అయితే నా పీరియడ్‌లో నేనే చేయించుకునేదాన్ని, తెలుగు సారుతో పనే పడేది కాదు.

కలిసి కూర్చోవాలని అందరికీ ఉంది, కూర్చోవడానికి టైమే లేదు. బడిలో డ్రాయింగ్ టీచరుకు పని తక్కువని ఒక నమ్మకం స్థిరపడిపోయింది. బడిబాట బ్యానరు, గేటు దగ్గర స్వాగతం బోర్డు, ఆగస్టు 15 ముగ్గు, సర్టిఫికెట్ల మీద పేర్లు, గోడల మీద నినాదాలు అన్నీ నావే. ఎవరు సెలవు పెట్టినా వాళ్ల తరగతికి ముందుగా గుర్తొచ్చేదీ నేనే. ఇవన్నీ పోను మిగిలిన దాంట్లో నిన్నటి క్లాసు ఎలా జరిగిందో ఆలోచించుకోవాలంటే, రాత్రి గిన్నెలు తోముకుంటూ ఆలోచించుకోవాల్సిందే.

విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూలు చూస్తే టీచరుకు వారానికి 45 గంటల పని అని ఉంటుంది. పాఠం చెప్పే గంటలతో పాటు దానికి సిద్ధమయ్యే గంటలు కూడా అందులోనే కలిపి ఉన్నాయని చాలామంది గమనించరు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 100 మంది పిల్లలు దాటితే ఆర్ట్ నేర్పే పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టరు ఉండాలని రాసిందీ ఆ షెడ్యూల్లోనే. చట్టంలో చోటు ఉంది, మా బడి టైంటేబుల్లో లేదు. కాబట్టి మొదటి పని బ్రష్షుతో కాదు, టైంటేబుల్‌తో.

జూన్ చివర

మా బడి టైంటేబుల్ లెక్కల సారు చేతుల మీదుగా వస్తుంది. పెద్ద చార్టు మీద పెన్సిల్‌తో గీసి, నాలుగు రోజులు చెరిపి రాసి, చివరికి స్కెచ్ పెన్నుతో ఖాయం చేస్తారు. ఆయన బాధ దగ్గర కూర్చుని చూస్తే తప్ప తెలియదు. పదో తరగతి లెక్కలు, సైన్సు పొద్దున పడాలి. హిందీ మేడం వారంలో రెండు రోజులు వేరే బడికి వెళ్లాలి. పీఈటీ సారు ఒకే టైమ్‌లో రెండు తరగతుల్ని గ్రౌండులోకి దింపలేరు. వీటన్నిటి తర్వాత ఏ గడి మిగిలితే అందులో డ్రాయింగ్. అందుకే నా పీరియడ్లు ఎప్పుడూ మధ్యాహ్నం భోజనం తర్వాతే పడతాయి. పిల్లలకు నిద్రొచ్చే వేళ, ఫ్యాన్లు తిరగని వేళ.

ముగ్గురికీ ఒకేసారి లీజర్, అంటే ఖాళీ పీరియడ్, కావాలని అడిగాను. సారు నవ్వి చార్టు నా వైపు తిప్పారు. "మీరే పెట్టి చూపించండి మేడం." నిజంగానే కుదరలేదు. ముగ్గురు ఒకేసారి ఖాళీగా ఉండాలంటే ఆ గంటలో మిగతావాళ్లలో ఒక్కరికీ ఖాళీ ఉండకూడదు. మా బడిలో ఉన్న టీచర్లతో అది జరిగే పని కాదు.

ఇద్దరికైతే? అదీ కష్టమే. కానీ చార్టు ముందు కూర్చున్నాక ఇంకో దారి దొరికింది. ఇద్దరికీ కలిపి ఖాళీ అడిగే బదులు, ఇద్దరం ఒకే గదిలో ఉండేలా అడగాలి. గురువారం ఎనిమిదో తరగతికి నా డ్రాయింగ్, ఆ వెంటనే తెలుగు సారు పీరియడ్ పెట్టించాం. నా పీరియడ్‌లో ఆయనకు లీజర్, ఆయన పీరియడ్‌లో నాకు లీజర్ పడేలా చూశారు లెక్కల సారు. ఇద్దరి లీజరూ ఒక్కొక్కటి పోయింది. బదులుగా వరసగా రెండు పీరియడ్లు ఇద్దరం పిల్లల ముందే ఉంటాం. సోషల్ మేడంకు అంత కుదరలేదు. గురువారం భోజనం మాతో చేస్తానన్నారు, టైంటేబుల్ ఒప్పుకున్నది అంతవరకే.

ఇంకొక్క సంగతి అడిగి సాధించుకున్నాం. టైంటేబుల్లో ఖాళీ గడి కనిపిస్తే సర్దుబాటు రిజిస్టరు తిన్నగా దాని మీదికే వస్తుంది. ఎవరైనా సెలవు పెడితే హెచ్ఎం సార్ ముందు చూసేది ఎవరికి లీజర్ ఉందా అనే. అందుకని మా లీజర్ గడుల్లో 'ఎనిమిది, పటం' అని రాయించాం. హెచ్ఎం సార్ కాసేపు చూసి, "ఇది క్లాసేనా, లీజరా?" అన్నారు. క్లాసే అన్నాం. సంతకం పెట్టారు. కళ నేర్పే టీచర్లు ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పే మాట ఇదే: మీ గడిని ఖాళీగా వదలకండి, దానికి ఒక పేరు పెట్టండి.

జూలై మొదట్లో

టైంటేబుల్ కుదిరినా ఆ టైమ్‌కు సిలబస్ అడ్డం వస్తుంది. తెలుగు సారు గట్టిగానే అడిగారు. "వారానికి ఒక పీరియడ్ బొమ్మలకు పోతే, ఎఫ్ఏకి నేను పిల్లలతో ఏం చేయించినట్టు?" న్యాయమైన ప్రశ్న.

జవాబు మార్కుల పట్టికలోనే దొరికింది. ఎఫ్ఏ అంటే ఫార్మేటివ్ అసెస్‌మెంట్, ఏడాది మధ్యలో బడిలోనే చేసే మదింపు. అందులో 20 మార్కులు. పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలకు 5, రాత పనులకు 5, ప్రాజెక్టు పనికి 5, లఘు పరీక్షకు 5. ప్రతి సబ్జెక్టుకూ ఒక ప్రాజెక్టు పని చూపించాలి. మామూలుగా ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. పిల్లవాడు సాయంత్రం స్టేషనరీ షాపుకు పోయి చార్టు కొంటాడు, పక్కనే వేలాడే బొమ్మల షీటు కొంటాడు, రాత్రి వాళ్ల అక్క కత్తిరించి అతికిస్తుంది, పొద్దున మన టేబుల్ మీద చార్టుల గుట్ట. తెలుగుకు ఒకటి, సోషల్‌కు ఒకటి, ఇంకొకటి ఇంకోదానికి. ఇంట్లో వాళ్లకు ఖర్చు, మనకు దుమ్ము.

ఈసారి తెలుగుకూ సోషల్‌కూ చెరువు పటమే ప్రాజెక్టు. పెద్దల దగ్గర కథ సేకరించి రాసుకురావడం తెలుగు కింద. చెరువు ఎప్పటిది, తూములు ఎన్ని, ఎన్ని పొలాలు పారుతాయి, చేపల హక్కు ఎవరిది అని తెలుసుకోవడం సోషల్ కింద. గీయడం నా కింద. మార్కులు ఎవరివి వాళ్లు వేసుకుంటాం, పని మాత్రం ఒక్కటే. రెండు చార్టులకు పోయే టైమ్ ఇలా మిగిలింది. కొత్తగా ఎవరూ ఇవ్వలేదు, పారేస్తున్నదాన్ని ఏరుకున్నాం.

రెండో శనివారం, చేర్యాల

సెలవు రోజు కదా అని సోషల్ మేడం ఇంట్లో కొంచెం గొణిగారట. అయినా ముగ్గురం బస్సెక్కాం. ఒక నకాషి కళాకారుడి ఇంటి అరుగు మీద కూర్చుని చూశాం. పెన్సిల్ లేదు. బ్రష్షుతోనే తిన్నగా గీత పడుతోంది. తర్వాత ఎర్ర నేల నింపాడు. ఒంటి రంగులు, బట్టల రంగులు ఆ పైన. చిట్టచివరికి నల్ల గీత. పాతకాలంలో ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు పేవుడి, నీలానికి నీలిమందు, నలుపుకు దీపం మసి వాడేవారు. ఇప్పుడు షాపులో దొరికే రంగులే ఎక్కువ. పొడవాటి పటం చేయించుకునే కథకులు బాగా తగ్గారు, మాస్కులు, ఫ్రేముల బొమ్మలే ఇల్లు గడుపుతున్నాయి.

తెలుగు సారు ఒకటే అడిగారు, కథ మీకెవరు చెబుతారని. కథకులు వచ్చి ముందు కూర్చుని వినిపిస్తేనే గీత మొదలయ్యేదని కళాకారుడి జవాబు. తర్వాత నా వైపు తిరిగి, "మేడం, గుడ్డకు పూత మంచిగ ఆరనియ్యాలె. తొందరవడితే పగుల్తది" అన్నాడు.

తిరుగు బస్సులో నిలబడే వచ్చాం, మాట్లాడుకుంటూనే వచ్చాం. స్టాఫ్ రూమ్‌లో నెల రోజుల్లో అనుకోని మాటలు ఆ దారిలో అనుకున్నాం. పిల్లల కథలు వినకుండా పట్టీలు ఖాయం చేయకూడదని అప్పుడే ఒప్పుకున్నాం. నేను అప్పటికే నోట్‌బుక్‌లో పట్టీలన్నీ గీసి పెట్టుకున్నాను. ఆ పేజీ మడిచి పెట్టేశాను.

ఆగస్టు

పూత పని మొదలు. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి, రుబ్బి, నీళ్లు పోసి ఉడికిస్తే చిక్కటి అంబలి వస్తుంది. దానికి సుద్దమట్టి, తుమ్మబంక కలిపి ఖాదీ గుడ్డకు పట్టించాలి. ఆరాక మళ్లీ ఒకసారి, ఆ తర్వాత ఇంకోసారి. చివర్లో నున్నటి రాయితో రుద్దాలి.

ఉడికించడానికి పొయ్యి కావాలి. బడిలో పొయ్యి ఉన్నది మధ్యాహ్న భోజనం వంటగదిలో మాత్రమే. వంట అక్కను అడిగితే గింజల సంచిలోకి తొంగి చూసి, "గివి పులుసుకైతే కాదు గద మేడం?" అంది. సంగతి చెప్పాను. "పొయ్యి ఖాళీ అయ్యేది పిల్లలు తిన్నంకనే. అప్పుడు రాండ్రి."

పిల్లలు తిన్నాక వెళ్లాం. నేను గరిట పట్టుకున్న తీరు చూసి అక్క గరిట తన చేతిలోకి తీసుకుంది. అంబలి ఆమె చేతిలో అడుగంటలేదు. పూత వేసేటప్పుడు పిల్లలు ఎటు పడితే అటు బ్రష్షు తిప్పుతుంటే దూరం నుంచే కేకేసింది. "అట్ల గాదు బిడ్డా, పోగుకు గంజి వెట్టినట్టు ఒక్క దిక్కే తియ్యాలె. అటూ ఇటూ గుంజితే లేస్తది." వాళ్ల పుట్టినిల్లు మగ్గాల ఇల్లు అని మాకు అప్పటిదాకా తెలియదు. పోగులకు గంజి పెట్టడం చూస్తూ పెరిగిన మనిషి. చిన్నప్పుడు వాళ్ల వాడకట్టుకు మార్కండేయ పటం వచ్చేదని, రాత్రంతా కథ నడిచేదని, పటం విప్పుతుంటే తర్వాతి బొమ్మ ముందే చూడాలని పిల్లలంతా ముందుకు ఎగబడేవాళ్లని చెప్పింది. ఎన్నో ఏళ్లుగా రోజూ ఆమె వండిన అన్నం తింటున్నాం. ఆమె దగ్గర ఈ సంగతి ఉందని అడిగినవాళ్లు లేరు. తెలుగు సారు అక్కడే వంటగది గడప మీద కూర్చుని నోట్‌బుక్ తీశారు.

ముగ్గురి టీమ్ అలా నలుగురిదైంది. తర్వాతి గురువారం నుంచి అక్కకు కూడా పొయ్యి దగ్గర పని అయిపోగానే పిలుపు వెళ్లేది. వీలైనప్పుడు వచ్చింది. రాలేనప్పుడు వంటగది నుంచే అరిచి సలహా ఇచ్చింది.

ఈ ప్రాజెక్టులో నాకు బాగా పనికొచ్చినది పూత ఆరే టైమ్. వానాకాలం. ఎండకు పెడదామంటే ఎండ లేదు, ఉన్నా తొందరగా ఎండితే పగుళ్లు. వరండాలో గుడ్డ పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, చుట్టూ కూర్చోవడమే. పిల్లలకు మొదట పిచ్చెక్కింది. ప్రతి ఐదు నిమిషాలకూ ఒకడు లేచి వేలు పెట్టి చూడటం, "ఇంకా తడిగనే ఉంది టీచర్" అనడం, ఆ వేలి గుర్తు పూత మీద పడటం. ఇక చెప్పేశాను. పూత ఆరేదాకా ఎవరూ ఇంకో పని పెట్టుకోకూడదు. ఇంటి దగ్గర ఎవరు ఏం కథ చెప్పారో ఒక్కొక్కరు చెప్పాలి. విన్నవాళ్లు ఒక్క ప్రశ్నైనా అడగాలి.

కథలు బయటికి వచ్చినది అప్పుడే. చెరువు మత్తడి (అలుగు) దూకిన ఏడాది ఊరంతా రాత్రి కట్ట మీద కాపలా ఉండటం. తూము కాడ నీళ్ల కోసం జరిగిన కొట్లాట. కట్ట మైసమ్మకు బోనం. 2015లో మొదలైన చెరువుల బాగు పథకం మిషన్ కాకతీయలో పూడిక మట్టి ట్రాక్టర్లలో తమ పొలానికి చేరిందని వాళ్ల నాన్నలు చెప్పిన మాటలు. ఒక అబ్బాయి చాలాసేపు ఏం మాట్లాడలేదు. చివర్లో, "మా తాత నీరటి టీచర్. తూము తీసేది ఆయననే" అన్నాడు. ఎవరి మడికి ఎప్పుడు ఎన్ని నీళ్లు అన్నది నీరటి చేతిలో ఉండేది. ఆ తాత మా జాబితాలో లేడు. నేను మడిచి పెట్టిన పేజీలోనూ లేడు. తర్వాత పటంలో అందరికన్నా పెద్ద బొమ్మ ఆయనదే అయింది.

పిల్లలు మాట్లాడుతుంటే నేనూ తెలుగు సారూ పక్కన గోడకు ఆనుకుని కూర్చుని మా మాటలు మేము మాట్లాడుకునేవాళ్లం. ఏ కథ పట్టీ అవుతుంది, ఎవరు నోరు విప్పట్లేదు, ఎవరికి గీత వస్తుంది గానీ చెప్పడం రాదు. మీటింగుకు ఎజెండా లేదు, మినిట్స్ లేవు. పూత మాత్రం ఆరుతూ ఉంది. పోస్టర్ కలర్‌తో చార్టు మీద చేయించి ఉంటే ఈ టైమ్ నాకు వచ్చేదే కాదు. త్వరగా అయ్యే మెటీరియల్ తెచ్చుకుంటే ఆలోచన కూడా త్వరగానే ముగిసిపోతుందని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది.

సెప్టెంబరు

పెద్ద గొడవ. మొదటి పట్టీలో ఏముండాలి?

పిల్లల్లో చాలామంది, చెరువు కాకతీయులు కట్టించారు కాబట్టి రాజు బొమ్మ ఉండాలన్నారు. రాజంటే గుర్రం, కిరీటం, కత్తి. గీయడానికి సరదా కూడా. గురువారం భోజనం దగ్గర సోషల్ మేడం ఈ మాట విని చెయ్యి కడుక్కోకుండానే తరగతి గదికి వచ్చారు. "ఎవరు చెప్పారు కాకతీయులని?" మా నానమ్మ, మా తాత, మా బాపు అని జవాబులు. "శాసనం ఉందా?" నిశ్శబ్దం.

మేడం బోర్డు మీద రెండు గీతలు గీసి చెప్పారు. రామప్ప గుడి దగ్గర 1213 నాటి శాసనం ఉంది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడని దాన్నిబట్టి మనకు తెలుస్తుంది. రాయి మీద రాసి ఉన్నది ఒక రకం. మన ఊరి చెరువు గురించి రాయి లేదు, మాట ఉంది. మాట అబద్ధమని కాదు. కానీ రెండూ ఒకటి కాదు.

తెలుగు సారు ఒప్పుకోలేదు. పటం కథలన్నీ మాటలే కదా, మార్కండేయ పురాణానికి శాసనం అడుగుతామా అన్నారు. సోషల్ ప్రాజెక్టు కింద మార్కులు వేయాల్సింది నేను కదా అని మేడం. పిల్లలు ఒకసారి ఇటు, ఒకసారి అటు చూస్తున్నారు. టీచర్లు తమ ముందే వాదించుకోవడం వాళ్లకు కొత్త. ఇద్దరు టీచర్లు ఒకే గదిలో ఉంటే జరిగే మేలు ఇదేనని నా లెక్క. సరైన జవాబు ఒకరి జేబులో లేదని పిల్లలకు కళ్లముందే తెలిసింది.

బొమ్మగా దీన్ని ఎలా తేల్చాలి అన్నది నా వంతుకు వచ్చింది. పిల్లలనే అడిగాను, రాజును గీయకుండా రాజు కథ ఎలా గీస్తారని. చాలాసేపటికి ఒక అమ్మాయి, "మా నానమ్మ చెప్తున్నట్టు గీద్దాం టీచర్" అంది. అదే మొదటి పట్టీ. గడప మీద నానమ్మ, ముందు పిల్లలు. ఆమె చేతి వేలు చూపిస్తున్న వైపు, పట్టీ మూలన, చిన్నగా ఒక గుర్రం రౌతు. సోషల్ మేడం చూసి, "ఇది కరెక్టే. రాజు ఉన్నాడని మనం అనట్లేదు, నానమ్మ అంటోందని అంటున్నాం" అన్నారు. తెలుగు సారు కథను కూడా 'మా నానమ్మ చెప్పేది' అని మొదలుపెట్టి తిరగరాయించారు.

ఆ రోజు గీత పని ఒక్కటీ జరగలేదు. బయటివాళ్లు కిటికీలోంచి చూస్తే రెండు పీరియడ్లు వాదులాటకే పోయాయి అనుకుంటారు. నాకైతే పటం మొత్తంలో అంతకన్నా మంచి పట్టీ లేదు.

దసరా తర్వాత

సెలవుల్లో చెరువు దగ్గర బతుకమ్మలు చూసి రమ్మన్నాం, గీసి రమ్మనలేదు. చూసి వచ్చినవాళ్లు తిన్నగా బ్రష్షు పట్టారు. ఎర్ర నేల నింపడం మొదలయ్యాక పిల్లలు వదిలిపెట్టడం లేదు, ఇంటర్వెల్‌లో కూడా వచ్చి నింపుతున్నారు. నల్ల గీత దగ్గర మాత్రం చేతులు వణుకుతున్నాయి. ముగ్గురు పిల్లలకు గీత బాగా వచ్చింది, వాళ్లకే అప్పగించాలని నాకు ఆశ పుట్టింది. తెలుగు సారు ఒద్దన్నారు. ఎవరి పట్టీ గీత వాళ్లే వేయాలని ఆయన పట్టు. ఒప్పుకున్నాను. అక్కడక్కడా గీతలు వంకరగా ఉన్నాయి. ఉండనీ.

నవంబరు

పాఠ్య ప్రణాళిక చివర 'ఉపాధ్యాయుని ప్రతిస్పందనలు' అని ఒక గడి ఉంటుంది. పాఠం తర్వాత టీచరు వెనక్కి తిరిగి చూసుకోవడానికి ప్రభుత్వమే ఇచ్చిన జాగా అది. అందులో మనం రాసేది ఏమిటంటే, 'పాఠం సంతృప్తికరంగా జరిగింది. విద్యార్థులు చురుకుగా పాల్గొన్నారు.' ఇన్‌స్పెక్షన్‌కు వచ్చేవాళ్లు చూసేది గడి నిండిందా లేదా అని. అందరికీ తెలిసిన నాటకమే.

ఈ ఏడాది నేను ఆ గడినే వాడుకుంటున్నాను. గురువారం రెండు పీరియడ్లు అయ్యాక, పిల్లలు బ్రష్షులు కడుగుతుండగా, నిలబడే రెండు వాక్యాలు. మొదటిది ఈరోజు చూసినది. రెండోది వచ్చే వారం మార్చేది. కొన్ని ఇక్కడ ఎత్తి రాస్తున్నాను:

'మైసమ్మ పట్టీ దగ్గర ఇద్దరే గీస్తున్నారు, నలుగురు చూస్తున్నారు. పట్టీని నిలువునా రెండు చేయాలి.'

'చేపలు పట్టే వాళ్ల పట్టీ మీద ముదిరాజుల పిల్లలు మాట్లాడలేదు, వేరేవాళ్లు మాట్లాడారు. వచ్చే వారం మొదట వాళ్లనే అడగాలి.'

'తెలుగు సారు పాట పాడించగానే గీత వేగం తగ్గింది, బాగుపడింది. కారణం తెలియదు. మళ్లీ చూడాలి.'

ఇంత కన్నా పెద్దగా రాయాలని కూర్చుంటే నేను రాయను, ఆ సంగతి నాకు తెలుసు. రెండు వాక్యాలకు ఇంటికి వెళ్లాక టైమ్ వెతుక్కోనక్కర్లేదు. చేపల పట్టీ గురించి రాసిన వాక్యం వల్ల పట్టీయే మారిపోయింది. వల విసిరే భంగిమ తప్పని, వల భుజం మీద నుంచి పోవాలని ఒక అబ్బాయి లేచి చేసి చూపించాడు.

డిసెంబరు, జనవరి

అనుకున్నదే. పదో తరగతికి స్పెషల్ క్లాసులు మొదలయ్యాయి. తెలుగు సారు పొద్దున, సాయంత్రం వాళ్లతోనే. గురువారం ఆయన లీజర్ గడి కూడా పదో తరగతి రివిజన్‌కు పోయింది. 'పటం' అని రాసి ఉన్నా ఆగలేదు. పదో తరగతి రిజల్ట్ ముందు ఏ పేరూ నిలబడదు. దీని మీద నాకు కోపం ఉంది. మనిషి మీద కాదు. ఎనిమిదో తరగతి పిల్లల టైమ్‌ను పదో తరగతికి అప్పు ఇచ్చే అలవాటు మీద. ఆ అప్పు తిరిగి తీర్చిన వాళ్లను నేను చూడలేదు.

కొన్నాళ్లు వాయిస్ మెసేజ్‌లతో నడిపాం. నాకు నచ్చలేదు. రాత్రి తొమ్మిదింటికి ఆయన మూడు నిమిషాల మెసేజ్ పెడతారు, నేను కూర కలుపుతూ వింటాను, సగం గుర్తుండదు. పైగా బడి పని ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది. ఆ పద్ధతి మానేసి, స్టాఫ్ రూమ్ సొరుగులో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాం. ఎడమ పేజీ ఆయనది, కుడి పేజీ నాది. పొద్దున స్పెషల్ క్లాసు అయ్యాక ఆయన రాస్తారు, మధ్యాహ్నం నేను జవాబు రాస్తాను. సోషల్ మేడం మధ్యలో ఎర్ర పెన్నుతో దూరుతుంటారు. ఒక పేజీలో వంట అక్క చెప్పిన మాట పిల్లల చేతిరాతలో ఉంది: 'మత్తడి కాడ నీళ్లు తెల్లగ దుంకుతయి, నీలం ఎందుకు వేసిన్రు?' నిజమే. మత్తడి నీళ్లు తెల్లగా మార్చాం.

పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవడంతో పోలిస్తే నోట్‌బుక్ తక్కువే. వాదన జరగదు, నవ్వు రాదు. కానీ ఒక మేలు ఉంది. ఆయన రాసినది రెండోసారి చదివినప్పుడు, మొదటిసారి నేను ఒప్పుకోనిది కొంత ఒప్పుకోబుద్ధి అవుతుంది.

ఫిబ్రవరి

నాలుగు పట్టీలు పూర్తి. బతుకమ్మ పట్టీకి పూల అంచు మిగిలింది. పూడిక తీసే ట్రాక్టర్ల పట్టీ సగంలో ఉంది. అసలు నకాషి పటంలో ట్రాక్టరు ఎక్కడుంటుందని ఎవరైనా అడగొచ్చు. మా చెరువు కథలో ఉంది, అందుకే పటంలో ఉంది. దానికి ఏ రంగు అన్నది పిల్లలు ఇంకా తేల్చలేదు. ఎర్ర నేల మీద ఎర్ర ట్రాక్టరు కనిపించదు కదా.

అయినంతవరకు తల్లిదండ్రుల మీటింగులో చూపించాం. రెండు వెదురు కర్రలకు కట్టి, పీఈటీ సారు వాలీబాల్ స్తంభాల మధ్య నిలబెట్టారు. ఒక్కో పట్టీ దగ్గర ఆ పట్టీ పిల్లలే కథ చెప్పారు. పాట సగంలో మరిచిపోయినచోట వంట అక్క వెనక నుంచి అందించింది. నీరటి తాత వచ్చాడు. తన బొమ్మ ముందు నిలబడి తూము వైపు చూపిస్తూ, "గీ తూము కుడి దిక్కున్నది, మీరు ఎడమకు వెట్టిన్రు" అన్నాడు. మనవడు వెంటనే, "మార్చుదాం తాతా" అన్నాడు. ఎర్ర నేల ఆరిపోయిన పట్టీ మీద తూము జరపాలంటే ఎంత పనో తాతకు తెలియదు, మనవడికి తెలుసు. అయినా మాట ఇచ్చేశాడు.

కాబట్టి వచ్చే వారాల పని: తూము కుడికి జరపాలి, అంటే ఆ మూల మళ్లీ పూత వేసి ఆరబెట్టాలి. ఈసారి ఎండాకాలం మొదలైంది కనుక నీడలో, తడిగుడ్డ దగ్గర పెట్టుకుని. ట్రాక్టరు రంగు తేలాలి. చింతగింజలు అయిపోయాయి, అక్క తెస్తానంది. పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా తెలుగు సారు నోట్‌బుక్‌లోనే ఉంటారు.

వచ్చే ఏడాది టైంటేబుల్ గీసే రోజు చార్టు పక్కనే కూర్చుంటానని లెక్కల సారుకు ఇప్పుడే చెప్పిపెట్టాను. ఈసారి సోషల్ మేడంకు కూడా గడి కావాలి, పదో తరగతి వైపు నుంచి మా గడికి ఎవరూ చెయ్యి పెట్టకుండా హెచ్ఎం సార్ సంతకం జనవరికి కూడా వర్తించాలి. ఆయన పెన్సిల్ చెక్కుకుంటూ, "రెండోది నా చేతిలో లేదు మేడం, మొదటిది చూద్దాం. టీ మాత్రం మీరే తెప్పించాలి" అన్నారు.